గోడ మీది బొమ్మ, చేతిలోని తెర

ఒక వస్తువును గురించి గాని, ఒక వినోద కార్యక్రమాన్ని గురించి గాని పదిమందికి తెలియజేసి, వారిలో ఆసక్తి కలిగించడమే ప్రకటన. ఈ పని మనిషికి కొత్తది కాదు. సంతలో కూరగాయలమ్మే అవ్వ "లేత బెండకాయలమ్మా, రండి" అని కేక వేయడం ప్రకటనే. తప్పెట కొట్టి దండోరా వేయించడమూ ప్రకటనే. అయితే కేక ఎంత దూరం వినబడితే ఆ ప్రకటన అంత దూరమే సాగేది. దాన్ని ఇంకా దూరం పంపడం ఎలాగన్న ఆలోచన నుండే కరపత్రం, గోడపత్రిక, వార్తాపత్రికలోని ప్రకటన, రేడియో ప్రకటన ఒకదాని వెంట ఒకటి పుట్టాయి. ఇప్పుడు చేతిలోని ఫోను వాటన్నిటి పనినీ తన మీద వేసుకొన్నది. ఆ పనిని అది చేసే తీరు మాత్రం పాతవాటి తీరు కాదు.

బళ్లారి జిల్లా సండూరు తాలూకాలో యశ్వంతనగర్ అనే ఊరున్నది. చుట్టూ ఇనుప ఖనిజపు కొండలు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి. అటువంటి కుటుంబం ఒకటి యశ్వంతనగర్‌లో ఉన్నదనుకొందాం. హైదరాబాదులో తయారైన ఒక తెలుగు సినిమా కబురు ఆ ఇంటికి ఎలా చేరుతుంది? ఈ చిన్న ప్రశ్నను పట్టుకొని వెళితే ప్రకటనల లోకంలో వచ్చిన మార్పంతా మనకు తెలుస్తుంది.

ముందు కొంత వెనక్కు వెళదాం. తెలుగు నాటకానికి బళ్లారి పుట్టినిల్లు వంటిది. 'ఆంధ్ర నాటక పితామహుడు' అని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ పట్టణంలోనే 1886లో సరస వినోదినీ సభను స్థాపించారు. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపారు. వృత్తిచేత న్యాయవాది అయిన బళ్లారి రాఘవ నటనలో దేశమంతటా కీర్తి గడించారు. ఆ కాలంలో నాటకం ఆడబోతున్నారని జనానికి తెలిపే మార్గాలు కొద్దివే. అచ్చు వేసిన కరపత్రాలు పంచేవారు, ముఖ్యమైన వీథులలో గోడలకు కాగితాలు అంటించేవారు, బండి మీద మేళం పెట్టి ఊరేగించేవారు. నాటకం మొదలు కాకముందే సగం సందడి వీధిలో జరిగిపోయేదన్నమాట.

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు సినిమాకు మాట వచ్చింది. సినిమా కూడా నాటకం వేసిన బాటలోనే నడిచింది. మేళం బదులు మైకు వచ్చింది. ఎడ్లబండి బదులు జట్కా, తరువాత ఆటో రిక్షా వచ్చాయి. రోజుకు ఎన్ని ఆటలు, ఏ హాలులో, ఎవరు నటించారు అన్న వివరాలతో గులాబి రంగు, పచ్చ రంగు కరపత్రాలు ఆటోలో నుండి గాలిలోకి ఎగురుతుంటే పిల్లలు వాటి వెంట పరుగెత్తేవారు. హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవారు. సినిమా చూసి ఇంటికి వచ్చినవారు ఆ పుస్తకం చూస్తూ పాటలు పాడుకొనేవారు. అదీ ప్రకటనే, పైగా ప్రేక్షకుడే డబ్బిచ్చి కొనుక్కొన్న ప్రకటన!

గోడపత్రికలు గీయడం ఒక కళగా వెలసింది. 1967లో బాపు దర్శకత్వంలో వచ్చిన 'సాక్షి' సినిమాతో పోస్టర్ల రూపకల్పన మొదలుపెట్టిన ఈశ్వర్, ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు వందలాది సినిమాలకు బొమ్మలు, అక్షరాలు తీర్చారు. సినిమా పేరును ఏ తీరు అక్షరాలతో రాయాలి, నాయకుని ముఖంలో కోపం కనబడాలా, నవ్వు కనబడాలా అన్నది ఆలోచించి గీసేవారు. చదువు రానివాడు కూడా ఆ బొమ్మ చూసి అది పౌరాణికమో, జానపదమో, సాంఘికమో చెప్పగలిగేవాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పోస్టర్లను ప్రాంతాన్ని బట్టి పంచేవారు. సినిమాను విడుదల చేసే పంపిణీదారులు తెలుగు నేలను కొన్ని 'ఏరియా'లుగా విభజించుకొన్నారు. వారు నేటికీ రాయలసీమను 'సీడెడ్' అంటారు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదలిపెట్టిన దత్త మండలాలు అని ఆ మాటకు అర్థం. ఆనాటి దత్త మండలాలలో బళ్లారి కూడా ఒకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, మిగిలిన బళ్లారి అప్పటి మైసూరు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు మారినా తెలుగు సినిమాలు బళ్లారి హాళ్లకు రావడం మానలేదు. కాని పట్టణానికి దూరంగా, కొండల నడుమ ఉన్న ఊరి వరకు ఆ పోస్టరు వస్తుందా అంటే అది వేరే సంగతి. కాగితం ధర, అచ్చు కూలి, అంటించేవాని కూలి, బస్సు ఖర్చు లెక్క వేసుకొని, ఎక్కువమంది చూసే చోటనే పోస్టరు అంటించేవారు. నాలుగు తెలుగు ఇళ్లు ఉన్న వీధి ఆ లెక్కలోకి రాదు.

వస్తువుల ప్రకటనలు కూడా వినోదాన్ని తొలినాటి నుండే ఆశ్రయించాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. సంగీత కచేరీలు జరిగే చోట ఆ మందును ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. పాట వినడానికి వచ్చినవారు మందు పేరు కూడా తెలుసుకొని వెళ్లారు. ఆ వ్యాపారంలో వచ్చిన ధనంతోనే ఆయన 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక' వారపత్రికను స్థాపించారు. బొంబాయి కూడా తెలుగునేలకు బయటి ఊరే!

తరువాత రేడియో వచ్చింది. 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన 'బినాకా గీత్‌మాలా' పేరులోనే బినాకా అనే టూత్‌పేస్టు పేరు ఉన్నది. పాటలు వినాలంటే ఆ పేరు వినక తప్పదు. ఆకాశవాణి వివిధభారతి 1967లోను, దూరదర్శన్ 1976లోను ప్రకటనలు తీసుకోవడం ప్రారంభించాయి. 1995లో ఈటీవీ వంటి ప్రైవేటు తెలుగు చానెళ్లు వచ్చాక ప్రకటనలకు ఇంట్లోనే చోటు దొరికింది.

కరపత్రం నుండి టీవీ వరకు వీటన్నిటిలో ఒక పోలిక ఉన్నది. ఒకే ప్రకటనను అందరూ చూసేవారు. బజారులోని పోస్టరును బడిపిల్లవాడూ, పంతులుగారూ, గనిలో పని చేసే కూలీ ఒకే రీతిగా చూసేవారు. అందులో అబద్ధం ఉంటే నలుగురూ కలిసి నవ్వుకొనేవారు. ప్రకటన ఇచ్చినవారికి మాత్రం దాన్ని ఎవరు చూశారో, ఎందరు చూశారో, చూసినవారిలో ఎందరు టిక్కెట్టు కొన్నారో తెలిసేది కాదు.

ఈ రెండు సంగతులనూ డిజిటల్ సాధనాలు తలకిందులు చేశాయి.

డిజిటల్ అంటే అంకెలకు సంబంధించినది. ఫోనులో అక్షరమైనా, బొమ్మైనా, పాటైనా సున్నాలు, ఒకట్ల వరుసగానే నిలువ ఉంటుంది. అంకెల రూపంలో ఉన్నదాన్ని ఎన్నిసార్లయినా తరుగు లేకుండా నకలు చేయవచ్చు. క్షణంలో ఎంత దూరమైనా పంపవచ్చు. అన్నిటికంటె ముఖ్యంగా, లెక్క పెట్టవచ్చు. మనం ఏ పాట పూర్తిగా విన్నామో, ఏది సగంలో ఆపామో, ఏ మాట టైపు చేసి వెదికామో, ఫోను ఏ భాషలో పెట్టుకొన్నామో, ఏ ప్రాంతంలో ఉన్నామో యూట్యూబు వంటి వేదికలు గుర్తు పెట్టుకొంటాయి. తడి నేల మీద నడిచినవాని అడుగుజాడల వలె మన జాడలు అక్కడ మిగిలిపోతాయి.

మనం ఒక వీడియోను తెరిచామనుకోండి. అది మొదలయ్యేలోపల, రెప్పపాటు కాలంలో, తెర వెనుక ఒక వేలం జరుగుతుంది. "కర్ణాటకలో ఉంటూ తెలుగు పాటలు చూసే ఒక వ్యక్తి వచ్చాడు. ఇతనికి తమ ప్రకటన చూపడానికి ఎవరెంత ఇస్తారు?" అన్నది ఆ వేలంలోని పాట. వేలం పాడేది మనుషులు కాదు, కంప్యూటర్లు. ఎక్కువ ధర ఇచ్చిన ప్రకటన, అందులోనూ ఆ వ్యక్తికి నచ్చగలదని తోచిన ప్రకటన తెర మీదికి వస్తుంది. అయిదు సెకన్ల తరువాత దాన్ని దాటవేసే మీట చాలాసార్లు కనబడుతుంది. ఈ పద్ధతి యూట్యూబులో 2010లో వచ్చింది. అటువంటి ప్రకటనను చూసేవాడు అయిదు సెకన్లకే దాటవేస్తే ప్రకటనదారు డబ్బు చెల్లించనక్కరలేదు. అందుచేతనే ఈనాటి ప్రకటనలు తొలి అయిదు సెకన్లలోనే పేలుడో, పాటో, ప్రశ్నో పెట్టి మనల్ని పట్టి ఆపడానికి పెనుగులాడతాయి. తాపీగా కథ చెప్పే ఓపిక వాటికి లేదు.

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు దొరికింది. యశ్వంతనగర్‌లోని తెలుగు ఇంటికి సినిమా కబురు గోడ ద్వారా రావడం లేదు. ఆ ఇంటివారి అలవాట్ల ద్వారా వస్తున్నది. పోస్టరుకు ఊరు ముఖ్యం. ఫోనుకు మనిషి ముఖ్యం. తెలుగు పాటలు వినే మనిషి యశ్వంతనగర్‌లో ఉన్నా, సోలాపూరులో ఉన్నా, అమెరికాలోని డాలస్‌లో ఉన్నా ఒకే రోజు, ఒకే నిమిషంలో ఆ సినిమా ప్రచార చిత్రం అతని చేతికి అందుతుంది. నాలుగు తెలుగు ఇళ్లున్న వీధి ఇప్పుడు లెక్కలోకి వచ్చింది. తెలుగునేలకు బయట ఉన్నవారికి ఇది చిన్న లాభం కాదు. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమై ఇంటర్నెట్ చవక అయిన తరువాత ఈ మార్పు పల్లెలకు కూడా వేగంగా పాకింది.

ఈ కొత్త పద్ధతిని వినోద రంగంలో తెలుగువారే ఎంతో నేర్పుతో వాడుకొన్నారు. అందుకు 'బాహుబలి' మంచి ఉదాహరణ. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో ఈ చిత్ర నిర్మాణం 2013 జూలైలో మనకు దగ్గరలోని కర్నూలు జిల్లా ఓర్వకల్లు రాతివనంలో మొదలయింది. సినిమా విడుదలకు ఇంకా ఏడాదిన్నరకు పైగా ఉండగానే, నటుల పుట్టినరోజుల సందర్భంగా చిత్రీకరణ విశేషాలను చిన్న చిన్న వీడియోలుగా యూట్యూబులో పెడుతూ వచ్చారు. వంట పూర్తి కాకముందే పోపు వాసన వీధిలోకి పంపినట్లన్నమాట. 2015 జూన్‌లో కొచ్చిలో యాభై వేల చదరపు అడుగులకు పైగా ఉన్న పోస్టరును పరచి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ పోస్టరును నేల మీద చూసినవారికంటె దాని ఫొటోను ఫోనులో చూసినవారే ఎక్కువమంది అయి ఉంటారు. పాత సాధనమైన పోస్టరు కొత్త సాధనానికి ఆ విధంగా మేత అయింది.

2015 జూలై 10న మొదటి భాగం విడుదలయింది. కథ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? రెండవ భాగం 2017 ఏప్రిల్ 28న గాని రాలేదు. నడుమనున్న ఇరవైయొక్క నెలలపాటు ఆ ప్రశ్న దేశమంతటా తిరిగింది. తెలుగు రానివారు కూడా కట్టప్ప పేరు నేర్చుకొన్నారు. ప్రేక్షకులు హాస్యపు బొమ్మలు తయారు చేసి ఒకరికొకరు పంపుకొన్నారు. తమకు తోచిన జవాబులు కల్పించారు. ఈ పనికి వారికెవరూ జీతమివ్వలేదు. రెండవ భాగం రాబోయే సమయానికి ఆ కథా ప్రపంచం నుండి నవల, బొమ్మల కథలు, యానిమేషన్ ధారావాహిక కూడా వెలువడ్డాయి. సినిమా ఒక్కటే అయినా దానిలోకి ప్రవేశించే తలుపులు అనేకమయ్యాయి.

పూర్వం కూడా "సినిమా బాగుందట" అనే నోటిమాటే అసలైన ప్రకటన. డిజిటల్ సాధనాలు ఆ నోటిమాటకు కాళ్లిచ్చాయి. 2020లో కరోనా కారణంగా అందరూ ఇళ్లలో ఉన్న రోజులలో, అప్పట్లో సన్‌రైజర్స్ హైదరాబాద్ తరఫున ఆడుతుండిన ఆస్ట్రేలియా క్రికెటరు డేవిడ్ వార్నర్ తన భార్యతో కలిసి 'బుట్టబొమ్మ' పాటకు నాట్యం చేసి ఆ వీడియోను లోకానికి చూపాడు. తెలుగు తెలియని ఎందరో ఆ పాట విన్నారు. ఏ నిర్మాత అయినా అంతటి ప్రకటనను ముందుగా ప్రణాళిక వేసి చేయించగలడా? అయిదేళ్ల తరువాత, 2025లో వచ్చిన 'రాబిన్‌హుడ్' అనే తెలుగు సినిమాలో వార్నరే చిన్న పాత్రలో కనిపించాడు.

సామాన్యులకు కూడా ఈ తెర తలుపు తెరిచింది. తెలంగాణలోని జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి చెందిన గంగవ్వ 'మై విలేజ్ షో' అనే యూట్యూబు చానెల్ ద్వారా తన పల్లె యాసతో, హాస్యంతో లక్షలాదిమందికి పరిచయమయ్యారు. తరువాత సినిమాలలోను, టీవీలోను నటించారు. పెద్ద చదువు గాని, పట్టణపు అండ గాని లేని వృద్ధురాలికి ఇంతమంది ప్రేక్షకులు దొరకడం పోస్టర్ల కాలంలో ఊహకు అందని విషయం.

అయితే పేరు రావడం వేరు, ఫలితం రావడం వేరు. 2011 నవంబరులో ధనుష్ పాడిన 'కొలవెరి' పాట యూట్యూబులో దావానలంలా వ్యాపించింది. కాని మరుసటి సంవత్సరం వచ్చిన '3' అనే ఆ సినిమాకు పాటకు వచ్చినంత ఆదరణ రాలేదు. పాటను ఉచితంగా విన్నవారందరూ టిక్కెట్టు కొనరు. నేడు మొదటి ఆట విశ్రాంతి సమయంలోనే ప్రేక్షకులు తమ అభిప్రాయాలను ఫోనులో రాసేస్తున్నారు. హైదరాబాదులో ఉదయం ఆడిన సినిమా సంగతి మధ్యాహ్నానికి బళ్లారికి చేరిపోతుంది. బాగాలేని సినిమాను ప్రచారంతో వారం రోజులు నెట్టుకు రావడం ఇప్పుడు కష్టం.

అంకెలను కూడా ఉన్నవి ఉన్నట్లు నమ్మరాదు. "ఒక్క రోజులో ఇన్ని కోట్ల వీక్షణలు" అని ప్రకటించడం నేడు గొప్పగా భావిస్తున్నారు. వీక్షణ అంటే ఒక మనిషి కాదు. ఒకే అభిమాని పదిసార్లు చూస్తే పది వీక్షణలే. పైగా డబ్బిచ్చి ప్రకటన రూపంలో చూపించినవి కూడా ఆ లెక్కలో చేరుతుండేవి. 2019 జూలైలో హిందీ, పంజాబీ పాటల గాయకుడు బాద్‌షా విడుదల చేసిన ఒక పాటకు ఒక్క రోజులో ఏడున్నర కోట్ల వీక్షణలు వచ్చాయని ప్రకటించారు. వాటిలో ప్రకటనల ద్వారా వచ్చినవీ ఉండడంతో చర్చ రేగింది. ఆ సెప్టెంబరులో యూట్యూబు తన నియమం మార్చి, ఇరవైనాలుగు గంటల రికార్డులలో డబ్బిచ్చి సంపాదించిన వీక్షణలను లెక్కించబోమని తెలిపింది. పూర్వం హాలు నిండకపోయినా 'శతదినోత్సవం' జరిపించిన సినిమాలు లేకపోలేదు. గొప్పలు చెప్పుకోవడం పాతదే. కొలబద్ద ఒక్కటే కొత్తది.

ఈ మార్పులో కొందరి జీవనోపాధి కూడా పోయింది. ఇరవై, ముప్పై అడుగుల ఎత్తున నటుల బొమ్మలను చేతితో గీసే చిత్రకారులు ప్రతి పట్టణంలోను ఉండేవారు. చిన్న బొమ్మ మీద చతురపు గడులు గీసుకొని, దాన్ని బట్టి పెద్ద బొమ్మను రూపొందించడం వారి విద్య. కంప్యూటరుతో ముద్రించే ఫ్లెక్సీలు వచ్చాక, రెండు మూడు గంటలలో తయారయ్యే బ్యానరు ముందు ఆ విద్య నిలువలేకపోయింది. కొందరు దుకాణాల పేర్లు రాసుకొంటూ బతికారు, కొందరు వేరే పనులలోకి వెళ్లిపోయారు. పాటల పుస్తకాలు అచ్చు వేసిన చిన్న ముద్రణాలయాలకూ అదే గతి పట్టింది. ఆ ఫ్లెక్సీ కూడా నేడు కొంత వరకు ఫోనుకు చోటిస్తున్నది.

ఇంతకూ ఈ వినోదమంతా మనకు ఉచితంగా ఎలా వస్తున్నది? వార్తాపత్రిక మనకు తక్కువ ధరకు దొరకడానికి అందులోని ప్రకటనలే కారణం. యూట్యూబు సంగతీ అంతే. కాని పత్రిక మనల్ని తిరిగి చదవలేదు. ఫోను చదువుతుంది. మనం ఇచ్చే మూల్యం రూపాయలలో కాక, మన సమయంలోను, మనల్ని గురించిన సమాచారంలోను ఉన్నది. అదీగాక, ఎవరి ఫోనులో వారికి వేరువేరు ప్రకటనలు వస్తున్నందువల్ల, ఒకరికి చూపిన అబద్ధం పక్కవారి కంట పడదు. బజారులో నలుగురూ కలిసి నవ్వుకొనే అవకాశం ఇక్కడ లేదు.

ఇందుకే కొన్ని కట్టుబాట్లు వచ్చాయి. తారలు, పేరున్న వీడియో కర్తలు డబ్బు తీసుకొని ఒక వస్తువును పొగిడితే అది ప్రకటన అని స్పష్టంగా తెలపాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు విడుదల చేసింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపువారి జాడలు వెదకి వారికి గురి పెట్టి ప్రకటనలు చూపరాదంటున్నది. నియమం మంచిదే. కాని మన ఇళ్లలో జరిగేదేమిటి? నాన్నగారి ఫోనులో తమ్ముడు పాటలు చూస్తాడు. చూస్తున్నది నలభై ఏళ్ల పెద్దమనిషి అనే ఫోను అనుకొంటుంది. పిల్లల కోసం రాసిన నియమం ఆ పిల్లవాని దాకా రాదు.

ఫోనులో వచ్చే చాలా ప్రకటనల మూలన ఒక చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని తాకితే ఆ ప్రకటన మనకే ఎందుకు వచ్చిందో కొన్ని కారణాలు కనబడతాయి: మీరున్న ప్రాంతం, మీ వయస్సు అని వారు ఊహించినది, మీరు ఇంతకు ముందు వెదికిన విషయాలు. మన అలవాట్లను బట్టి ప్రకటనలను ఎంపిక చేయవద్దని చెప్పే మీట కూడా ఉన్నది. దాన్ని నొక్కినంత మాత్రాన ప్రకటనలు ఆగిపోవు. అప్పుడు మనల్ని బట్టి కాక, మనమున్న చోటును, చూస్తున్న వీడియోను బట్టి వస్తాయి. యశ్వంతనగర్‌లోని ఆ తెలుగు ఇంటివారు ఆ మీట నొక్కితే, తెలుగు సినిమా ప్రకటన వచ్చే చోట ఆ ఊరిలో అందరికీ వచ్చే కన్నడ ప్రకటనే రావచ్చు.